‘మనవాడు’ అనే మాటలో దాగిన అసమానత

దేశంలో 1931 తర్వాత మళ్లీ అన్ని కులాల వివరాలతో జనగణన జరగబోతోంది. 2025 ఏప్రిల్ 30న కేంద్ర మంత్రివర్గ రాజకీయ వ్యవహారాల సంఘం తీసుకున్న నిర్ణయం ప్రకారం, 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరిగే లెక్కల్లో ప్రతి వ్యక్తి కులమూ నమోదు కావాలి. అంతకుముందే బీహార్, తెలంగాణ రాష్ట్రాలు తమ సర్వేల ఫలితాలను ప్రకటించాయి. తెలంగాణలో ముస్లిం బీసీలతో కలిపి వెనుకబడిన తరగతులు 56.33 శాతం, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని తేలింది. దశాబ్దాల పోరాటం వల్లనే ఈ అంకెలు బయటకు వచ్చాయి. వాటి విలువను తగ్గించే వాదనతో నాకు పేచీ ఉంది. అయితే అంకెలు వచ్చాక ఏమి చూడాలన్న ప్రశ్న మిగిలే ఉంది. ఎవరు ఎంతమంది ఉన్నారో, ఎవరి చేతిలో ఎంత ఉందో జనాభా లెక్క చెప్పగలదు. ఎవరి చెయ్యి ఎవరిని పట్టుకుని పైకి లాగుతోందో చెప్పలేదు. గత ఇరవై ఏళ్లుగా అసమానతపై పనిచేస్తున్న సామాజిక శాస్త్రవేత్తలు వెతుకుతున్నది ఆ చేతినే. వారి పరిశోధనల సారాన్ని తెలుగు పాఠకుల ముందుంచి, అది మన రాజకీయాలకు ఏమి చెబుతోందో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన సామాజిక శాస్త్రం కులాన్ని పల్లెలో వెతికింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఎస్.సి. దూబే బృందం హైదరాబాద్ సమీపంలోని శామీర్‌పేటను అధ్యయనం చేసింది. ఆ కృషి 1955లో ‘ఇండియన్ విలేజ్’ పుస్తకంగా వెలువడింది. ఆ తరం పరిశోధకులకు కులం కంటికి కనిపించే వ్యవస్థ. ఎవరి వాడ ఎక్కడ, ఎవరి వృత్తి ఏమిటి, ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగుతారు అన్నవి వారు నమోదు చేశారు. పట్నం, చదువు, కార్ఖానా వస్తే ఈ వ్యవస్థ కరిగిపోతుందన్న ఆశ ఆనాటి పాలకుల్లోనూ పండితుల్లోనూ బలంగా ఉండేది. కానీ అంతకు చాలా ముందే, 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో అంబేడ్కర్ వేరే మాట చెప్పారు. కులానికి మూలం వృత్తిలో లేదు, తన గుంపులోనే పెళ్లి చేసుకోవాలన్న కట్టుబాటులో ఉంది అన్నారు. అంటే కులం పొలంలోనూ కార్ఖానాలోనూ కంటే ముందు ఇంట్లో, బంధుత్వంలో బతుకుతుంది. వృత్తి మారినా, ఊరు మారినా అది చావదు. దాదాపు వందేళ్ల తర్వాత, 2011–12లో జరిగిన భారత మానవాభివృద్ధి సర్వేలో కులాంతర వివాహాలు దాదాపు 5 శాతమేనని తేలినప్పుడు అంబేడ్కర్ ఊహ ఎంత సరైనదో మరోసారి రుజువైంది.

మరి ఇంట్లో బతికే కులం బజారులో ఎలా పనిచేస్తుంది? దీనిని పరీక్షించడానికి సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ ఒక సులువైన పద్ధతిని ఎంచుకున్నారు. 2005 అక్టోబరు నుంచి 66 వారాల పాటు ఆంగ్ల దినపత్రికల్లో ప్రైవేటు కంపెనీలు ఇచ్చిన ఉద్యోగ ప్రకటనలకు దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానంగా ఉంచి పేర్లు మాత్రం మార్చారు. కొన్ని అగ్రవర్ణ హిందూ పేర్లు, కొన్ని దళిత పేర్లు, కొన్ని ముస్లిం పేర్లు. 548 ప్రకటనలకు 4,808 దరఖాస్తులు వెళ్లాయి. ఎక్కడా కులం రాయలేదు. అగ్రవర్ణ పేరుకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చే నిష్పత్తిని 1గా తీసుకుంటే, దళిత పేరుకు అది 0.67, ముస్లిం పేరుకు 0.33 మాత్రమే. అభ్యర్థి ముఖం చూడకముందే, ఒక్క మాట వినకముందే వడపోత జరిగిపోయింది. అమెరికాలో బోస్టన్, చికాగో నగరాల్లో ఇదే తరహా పరీక్ష జరిపి 2004లో ప్రచురించిన అధ్యయనంలోనూ శ్వేతజాతి పేర్లకు నల్లజాతి పేర్లకంటే సుమారు సగం ఎక్కువగా పిలుపులు వచ్చాయని తేలింది. పేరు వెనుక ఉండే తోక, పేరు ముందు ఉండే ఇంటిపేరు ఏమేమి చెబుతాయో తెలుగువారికి వేరే వివరించనక్కరలేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ దరఖాస్తులను పక్కన పెట్టిన ఉద్యోగులు దళితులను ద్వేషించేవారేనా? సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ దిల్లీ ప్రాంతంలోని 25 పెద్ద కంపెనీల మానవ వనరుల అధికారులతో మాట్లాడి 2007లో రాసిన వ్యాసం ఈ ప్రశ్నకు ఉపయోగపడుతుంది. తాము ప్రతిభను మాత్రమే చూస్తామని ఆ అధికారులు చెప్పారు. కులం గురించి అడగమన్నారు. కానీ అభ్యర్థి ‘కుటుంబ నేపథ్యం’ తప్పక తెలుసుకుంటామన్నారు. తండ్రి ఏం చేస్తారు, ఎక్కడ పెరిగారు, తోబుట్టువులు ఏం చదివారు అన్నవి వ్యక్తిత్వానికి కొలమానాలుగా వారికి తోచాయి. అశ్విని దేశ్‌పాండే, న్యూమన్ దిల్లీ విశ్వవిద్యాలయాల విద్యార్థులతో జరిపిన మరో అధ్యయనం ఇదే ప్రశ్నకు అవతలి వైపు చూపింది. అగ్రవర్ణ విద్యార్థికి పలకరింపులా వినిపించిన ఆ ప్రశ్న, ఇంటిలో తొలిసారి పట్టా పొందిన దళిత విద్యార్థి గొంతుకు అడ్డుపడింది. ఇక్కడ ఎవరూ ఎవరినీ తిట్టలేదు. ఎవరూ ఎవరినీ ముట్టుకోనని అనలేదు. అయినా ఫలితం వివక్షే.

ఇంటి సంగతీ అంతే. దిల్లీ పరిసర నగరాల్లో అద్దె ఇళ్ల కోసం వేర్వేరు వర్గాల పేర్లతో ఫోన్లు చేయించి, నేరుగా పంపించి థోరట్ బృందం జరిపిన పరిశోధన 2015లో వెలువడింది. అగ్రవర్ణ హిందువులకు దాదాపు అన్నిచోట్లా తలుపు తెరుచుకుంది. దళితులలో చాలామందికి తిరస్కారమో అదనపు షరతులో ఎదురయ్యాయి. ముస్లింల పరిస్థితి మరింత దిగజారి ఉంది. హైదరాబాద్‌లో ‘శాకాహారులకు మాత్రమే’ అన్న బోర్డు చూసి వెనుదిరిగిన ఎవరికైనా ఇది కొత్త కాదు. ఇలాంటి వేలాది చిన్న నిరాకరణలు కలిసి నగరం ఆకారాన్నే నిర్ణయిస్తాయి. త్రినా వితయతిల్, గాయత్రీ సింగ్ 2001 జనాభా లెక్కలతో హైదరాబాద్ సహా ఏడు మహానగరాలను పరిశీలించారు. ఆర్థిక స్థాయిని బట్టి మనుషులు విడివిడిగా నివసించడం కంటే కులాన్ని బట్టి విడివిడిగా నివసించడమే ఎక్కువని 2012లో నిరూపించారు. ఆ తర్వాత దేశవ్యాప్తంగా 15 లక్షల నివాస ప్రాంతాల సమాచారంతో జరిగిన ఒక బృహత్ అధ్యయనం, ఎస్సీలు, ముస్లింలు ఎక్కువగా ఉండే వాడలకు బడి, ఆసుపత్రి, నీరు, మురుగు పారుదల వంటి సదుపాయాలు తక్కువగా అందుతున్నాయని చూపింది. ఈ తేడా జిల్లా సగటుల్లో కనబడదు. ఒకే నగరంలో ఒక వాడకూ మరో వాడకూ మధ్య పోలిస్తేనే బయటపడుతుంది. పల్లెలో వెలివాడ అందరికీ తెలిసిన దారి చివర ఉండేది. పట్నంలో వెలివాడను వెతకడానికి గణాంకశాస్త్రం కావలసి వచ్చింది.

మన తెలుగు నేల దళిత ఉద్యమం కారంచేడు (1985), చుండూరు (1991) నెత్తుటి నేలపై నిలబడి తన భాషను కూర్చుకుంది. కనుక మనకు వివక్ష అంటే వెంటనే తట్టేది దాడి, ద్వేషం, వెలి. ఆ భాష ఇప్పటికీ అవసరమే. 2011–12 సర్వేలో తమ ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒక రూపంలో అంటరానితనం పాటిస్తారని ఒప్పుకున్న కుటుంబాలు సుమారు 27 శాతం. గ్రామాల్లో దాదాపు 30 శాతం, నగరాల్లో 20 శాతం. నోరు తెరిచి ఒప్పుకున్నవారి లెక్క ఇది. కానీ ద్వేషం ఒక్కటే అసమానతను మోయడం లేదు. అంతకంటే మెత్తనిది, మర్యాదైనది మరొకటి ఉంది. దానికి తెలుగులో చక్కటి పేరుంది: ‘మనవాడు’.

ఈ ‘మనవాడు’ను అర్థం చేసుకోవడానికి ఇద్దరు అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు సాయపడతారు. చార్లెస్ టిల్లీ 1998లో, అసమానత తరతరాలు నిలవడానికి దోపిడీతో పాటు మరో కారణం చెప్పారు. విలువైన వనరు చిక్కిన గుంపు, దానిని తమలోనే దాచుకుని పంచుకుంటుంది. ఇందుకు బయటివారిపై పగ ఉండనక్కరలేదు. నాన్సీ డిటోమాసో 2013లో ప్రచురించిన పుస్తకం కోసం న్యూజెర్సీ, ఒహాయో, టెన్నెసీ రాష్ట్రాల్లోని శ్వేతజాతీయులతో వారి ఉద్యోగ జీవిత చరిత్రలు చెప్పించారు. జీవితంలో పొందిన ఉద్యోగాల్లో అధిక భాగం బంధువులో, స్నేహితులో, ఇరుగుపొరుగువారో సమాచారం ఇచ్చినందువల్ల, సిఫారసు చేసినందువల్ల వచ్చినవే. అయినా తమ జీవితాన్ని వారు స్వయంకృషిగానే వర్ణించుకున్నారు. జాతి వివక్ష తప్పని నమ్మేవారు కూడా నల్లజాతివారి కోసం ఉన్న ప్రత్యేక అవకాశాలను అన్యాయంగా భావించారు. తెల్లవారు తెల్లవారికి సాయం చేసుకుంటే చాలు, నల్లవారికి హాని తలపెట్టనక్కరలేకుండానే అసమానత కొనసాగుతుందని ఆమె నిర్ధారణ.

ఇప్పుడు మన వైపు చూద్దాం. కోస్తాలో ‘మీరేమిట్లు?’ అని అడుగుతారు. మరోచోట ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, ‘ఎవరి తాలూకు?’ అని అడుగుతారు. జవాబు కుదిరితే మాటలో వెచ్చదనం వస్తుంది. ‘మనవాడే, కాస్త చూడండి’ అన్న ఒక్క ఫోన్ కాల్‌తో కాంట్రాక్టు బిల్లు కదులుతుంది, కార్పొరేట్ కాలేజీలో ఫీజు తగ్గుతుంది, బ్యాంకు మేనేజరు గది తలుపు తెరుచుకుంటుంది, అమెరికాలో దిగిన కుర్రవాడికి తొలి నెల గది దొరుకుతుంది. చేసినవాడు మంచి పని చేశాననుకుంటాడు. పొందినవాడు కృతజ్ఞతతో ఉంటాడు. జవాబు కుదరనివాడికి అక్కడ ఒక అవకాశం ఉండిందన్న సంగతే తెలియదు. తిట్టు తిన్నవాడు ఫిర్యాదు చేయగలడు. పిలుపు అందనివాడు దేనిపై ఫిర్యాదు చేస్తాడు?

ఈ ఆప్యాయత సముద్రాలు దాటడాన్ని కూడా పరిశోధకులు నమోదు చేశారు. గుంటూరు ప్రాంతం నుంచి వలస వెళ్లిన కమ్మ ప్రవాసుల దాతృత్వంపై సనమ్ రూహి చేసిన పరిశోధన, స్వస్థలానికి వచ్చే విరాళాలు, ఉపకార వేతనాలు కుల సంబంధాల కాలువల్లోనే ఎక్కువగా ప్రవహిస్తాయని, అలా కులబంధం దేశాంతరాల్లో కొత్త బలం పుంజుకుంటుందని చూపింది. వ్యవసాయ మిగులు కోస్తాంధ్రలో వ్యాపార పెట్టుబడిగా మారిన తీరుపై కారొల్ ఉపాధ్య 1988లోనే రాశారు. ఇది ఒక కులంపై ఆరోపణ కాదు. వనరున్న ఏ కులమైనా చేసే పని ఇదే. పరిశోధన జరిగినచోట కనబడింది, జరగనిచోట కనబడలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగా వస్తుంది. దళితులు, బీసీలు కూడా ‘మనవాళ్లు’ అనుకోవడం లేదా? కుల సంఘాలు పెట్టుకోవడం లేదా? తెలంగాణలో ఆత్మగౌరవ భవనాలకు ప్రభుత్వమే స్థలాలు ఇవ్వలేదా? నిజమే. కానీ బంధం ఒకటే అయినా దాని చివర కట్టి ఉన్నది ఒకటి కాదు. ముంబైలోని దాదర్ ప్రాంతంలో కైవాన్ మున్షీ, మార్క్ రోజెన్‌జ్వైగ్ జరిపిన అధ్యయనం (2006) దీనిని చక్కగా చూపింది. శ్రామిక కులాల మగపిల్లలను తల్లిదండ్రులు మరాఠీ మాధ్యమ బడులకే పంపారు. కారణం, ఆ కులాల మగవారికి మిల్లుల్లో, కార్ఖానాల్లో పని ఇప్పించే అల్లిక ఉంది. అటువంటి అల్లిక లేని ఆడపిల్లలు మాత్రం ఆంగ్ల మాధ్యమం వైపు వెళ్లి కొత్త ఉద్యోగాలకు దారి చూసుకున్నారు. పై కులాలకు నిచ్చెన అయిన బంధమే కింది కులాల మగపిల్లలకు పలుపుతాడైంది. ఇక 1906లో హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి స్థాపించిన భాగ్యరెడ్డి వర్మ చేసిన పని, తలుపు మూసినవారి ఎదుట మూతబడ్డవారు ఒకచోట చేరడం. ఆ చేరికనూ, వనరులను తమలోనే దాచుకునే చేరికనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. అయితే ఈ మినహాయింపు శాశ్వతం కూడా కాదు. కింది కులాల్లో ఒకటి రెండు తరాలు నిలదొక్కుకున్న కుటుంబాలు తమలోని వెనుకబడినవారి పట్ల ఏం చేస్తున్నాయన్న ప్రశ్న ఎస్సీ వర్గీకరణ చర్చలో మన ముందుకు వచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు దానికి రాజ్యాంగ బలం ఇచ్చింది.

నేను సామాజిక శాస్త్రం తరగతిలో విద్యార్థులకు ఒక చిన్న పని ఇస్తుంటాను. మీ ఇంట్లో గత మూడు తరాల్లో వచ్చిన ప్రతి ఉద్యోగం, ప్రతి సీటు, ప్రతి పెద్ద అప్పు గురించి మొదట చెప్పిందెవరో, ఇప్పించిందెవరో రాయమంటాను. రిజర్వేషన్ వర్గాల విద్యార్థులు ఎక్కువగా రాసేవి: ఒక నోటిఫికేషన్, ఒక సాంఘిక సంక్షేమ హాస్టల్, ఒక పరీక్ష, ఒక ఉపాధ్యాయుడు. జనరల్ విద్యార్థుల కాగితాల్లో మనుషులు ఎక్కువ కనిపిస్తారు: పెదనాన్న తోడల్లుడు, నాన్న సహాధ్యాయి, ఊరివాడైన ఇంజనీరు. ఇది గణాంకం కాదు. అటువైపు ఖాళీ కాగితమిచ్చే పేదలూ ఉంటారు, ఇటువైపు బంధువుల పేర్లు రాసేవారూ ఉంటారు. కానీ తన కాగితం చూసుకున్నాక ‘నాకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు’ అనే మాటను చాలామంది మళ్లీ అదే ధీమాతో అనలేకపోతారు. ప్రభుత్వం ఇచ్చిన సాయానికి ధ్రువపత్రం ఉంటుంది, బంధువు ఇచ్చిన సాయానికి ఉండదు. అందుకే ఒకటి రాయితీ అయింది, మరొకటి ప్రతిభ అయింది.

సతీశ్ దేశ్‌పాండే 2013లో ‘జనరల్ కేటగిరీ’ జీవితచరిత్ర రాయాలని పిలుపునిచ్చారు. కుల పెట్టుబడిని చదువుగా, ఆస్తిగా, హోదాగా మార్చుకున్న తరువాత అగ్రవర్ణాలు తమను కులం లేనివారిగా భావించుకోగలుగుతున్నాయని, హక్కు అడగాలంటే కులం చెప్పుకోవలసిన వారే కులవాదులుగా కనబడుతున్నారని ఆయన విశ్లేషణ. మద్రాసు ఐఐటీపై అజంతా సుబ్రమణియన్ 2019లో ప్రచురించిన పుస్తకం, ప్రతిభ అన్న మాట కులానికి ఎలా ఆధునిక వస్త్రం కప్పిందో చరిత్రతో సహా వివరించింది. ఇన్నాళ్లూ పరిశోధన కింది కులాల లేమిని కొలిచింది. ఇప్పుడు పై కులాల కలిమి ఎలా తయారైందో అడుగుతోంది. ఈ మలుపే నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది.

ఆ కలిమి చివరికి ఎక్కడ పేరుకుంటుందో చూపే లెక్క ఒకటుంది. దేశంలోని వెయ్యి అగ్రశ్రేణి కంపెనీల 2010 నాటి డైరెక్టర్ల బోర్డులను పరిశీలించి డి. అజిత్, హాన్ డోంకర్, రవి సక్సేనా 2012లో రాసిన వ్యాసం ప్రకారం, సభ్యుల్లో 93 శాతం అగ్రకులాలవారు. ఓబీసీలు 3.8 శాతం, ఎస్సీ ఎస్టీలు కలిపి 3.5 శాతం. ఆ బోర్డుల్లో కూర్చోవడానికి పోటీ పరీక్ష లేదు. తెలిసినవారు తెలిసినవారిని పిలుస్తారు. ప్రభుత్వ రంగం కుంచించుకుపోతూ, ఉద్యోగాలూ చదువులూ ప్రైవేటు చేతుల్లోకి వెళుతున్న కాలంలో, ‘మనవాడు’ అన్న మాటకు అడ్డు చెప్పే నియమం లేని ప్రదేశం రోజురోజుకూ విస్తరిస్తోంది. రిజర్వేషన్ల శాతం పెంచడంపై జరిగే పోరాటం న్యాయమైనదే. కానీ రిజర్వేషన్ వర్తించే నేల కుదించుకుపోతున్న సంగతిని ఆ పోరాటం మరవకూడదు.

మన చట్టాలు ద్వేషాన్ని గుర్తుపడతాయి. 17వ అధికరణం, 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం, 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అందుకే ఉన్నాయి. అమలు ఎంత బలహీనమైనా నేరమంటే ఏమిటో అవి చెబుతాయి. ఆప్యాయత రూపంలో ఉన్న వివక్షను మాత్రం చట్టం గుర్తించదు. పైగా కొన్నిసార్లు ఆమోదిస్తుంది. సభ్యత్వాన్ని పార్శీలకే పరిమితం చేసిన అహ్మదాబాద్ గృహనిర్మాణ సహకార సంఘం నియమాన్ని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. అతి చిన్న మైనారిటీ విషయంలో సబబుగా తోచే ఆ సూత్రం, వనరులున్న పెద్ద కులాల చేతిలో ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. సచార్ కమిటీ సిఫారసు మేరకు సమాన అవకాశాల కమిషన్ స్వరూపాన్ని ఎన్.ఆర్. మాధవ మీనన్ నాయకత్వంలోని నిపుణుల బృందం 2008లోనే రూపొందించి ఇచ్చింది. అది నేటికీ కాగితంపైనే ఉంది.

అందువల్ల జనగణన చుట్టూ సాగుతున్న చర్చను మూడు కోరికల వైపు మళ్లించాలని నా అభిప్రాయం. మొదటిది, కుల వివరాలను రాష్ట్ర, జిల్లా సగటులకు పరిమితం చేయకుండా, వ్యక్తుల గోప్యతకు భంగం కలగకుండా వాడ స్థాయి వరకు విడుదల చేయాలి. 2011 సామాజిక ఆర్థిక గణనలోని కుల సమాచారానికి పట్టిన గతి దీనికి పట్టకూడదు. రెండవది, పెద్ద ప్రైవేటు కంపెనీలు, విద్యాసంస్థలు తమ సిబ్బంది సామాజిక కూర్పును ఏటా ప్రకటించేలా, ఖాళీలను బహిరంగంగా తెలియజేసేలా చట్టం తేవాలి. ప్రకటనే ఇవ్వని ఉద్యోగానికి దరఖాస్తు చేసే హక్కు ఎవరికీ ఉండదు. మూడవది, థోరట్ బృందం చేసినలాంటి పరీక్షలను ఉద్యోగాల్లో, అద్దె ఇళ్లలో క్రమం తప్పకుండా నిర్వహించే బాధ్యతను మన రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలకు అప్పగించాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ నగరాల్లో ఏ పేరుకు ఏ తలుపు తెరుచుకుంటుందో మనకు దిల్లీ లెక్కలతో కాదు, మన లెక్కలతోనే తెలియాలి.

ప్రేమించడం, సాయపడడం మానుకోమని ఏ సామాజిక శాస్త్రమూ చెప్పదు. ఆ సాయం పుట్టుకతో గీసిన గిరిలోనే తిరిగినంత కాలం, మంచి మనుషులు కలిసి ఒక అన్యాయమైన సమాజాన్ని నడుపుతారని మాత్రం చెబుతోంది. 2027 లెక్కల్లో ఎన్యూమరేటర్ మన కులం అడిగి రాసుకుని వెళ్లిపోతాడు. ‘మనవాడు’ అన్నప్పుడు మనం ఎవరిని లెక్కలోకి తీసుకుంటున్నాం, ఎవరిని వదిలేస్తున్నాం అన్నది ఏ ఫారంలోనూ ఉండదు. ఆ గడిని నింపవలసిన బాధ్యత మనదే.